జాగ్రత్త: క్యాంపర్ ట్రైలర్ కొనే ముందు కాటా వేయించండి

ఆస్ట్రేలియా ఈశాన్య కొసన ఉన్న కేప్ యార్క్‌కు వెళ్దామని క్యాంపర్ ట్రైలర్ (కారు వెనక లాక్కెళ్లే మడత గుడారం బండి) కోసం చూస్తున్న మన తెలుగు కుటుంబాలకు ఈ హెచ్చరిక. బ్రిస్బేన్‌లో మేము కొత్తగా కొన్న ట్రైలర్, కోయెన్ ఊరికి 40 కిలోమీటర్ల ఇవతల ఎడమవైపు కమాన్ (ఇరుసు మీద బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగు) విరిగి దారిలో కూలబడింది. కారులో ఇద్దరు పిల్లలు, మా ఆవిడ, తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు. ఫోనులో సిగ్నల్ లేదు. అమ్మినవాడి పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. అయినా మీకు పేరుతో పని లేదు. అమ్మకం ఎలా జరిగిందో తెలిస్తే చాలు, ఎందుకంటే అవే మాటలు చెప్పి అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు.

ప్రకటనలో పెద్ద అక్షరాలతో 'కేప్ యార్క్‌కు సిద్ధం' అని ఉంది. ధర 16,900 డాలర్లు. ఐదుగురికి పడక, బయటికి లాగితే వచ్చే స్టీలు వంటగది, 120 లీటర్ల నీళ్ల ట్యాంకులు, రెండు బ్యాటరీలు. బరువు గురించి నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, సామాను ఎంత పడుతుందని. "450 కిలోలు. మీ ఇల్లంతా పట్టుకెళ్లవచ్చు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఖరీదు తర్వాత చెబుతాను.

ట్రైలర్ ముందుభాగంలో ఒక చిన్న రేకు ప్లేటు ఉంటుంది. దాని మీద ఏటీఎం అని ఒక అంకె రాసి ఉంటుంది. మన బ్యాంకు ఏటీఎం కాదు, 'అగ్రిగేట్ ట్రైలర్ మాస్', అంటే నీళ్లు, గ్యాస్, సామాను అన్నీ ఎక్కించాక ట్రైలర్ మొత్తం బరువు దాటకూడని హద్దు. మా ప్లేటు మీద 1,700 కిలోలు. ఖాళీ బరువు 1,250 అని ఉంది. తీసివేస్తే 450. అతను చెప్పింది అబద్ధం కాదు అనిపిస్తుంది కదా? ఆ 1,250 ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పటి బరువు. ఆ తర్వాత డీలర్ తన యార్డులో రాళ్లు తగలకుండా ముందు జాలీ బిగించాడు, రెండో బ్యాటరీ పెట్టాడు, పెద్ద పనిముట్ల పెట్టె, పక్క గుడారం, దాని ఇనుప కర్రలు కలిపాడు. 'ఉచితం' అన్నవన్నీ ఇవే. ప్లేటు మాత్రం మార్చలేదు.

తిరిగి వచ్చాక, తోటమట్టి అమ్మే యార్డులో వేబ్రిడ్జి (బండ్లను తూచే పెద్ద కాటా) మీద ఖాళీ ట్రైలర్ తూయించాను. 1,415 కిలోలు. అంటే మాకు మిగిలింది 285. అందులో నీళ్లకే 120, రెండు గ్యాస్ సిలిండర్లకు 20. ఐదుగురు మనుషులు మూడు వారాలు బతకడానికి 145 కిలోలు.

మేము ఎక్కించింది వినండి. సోనా మసూరి బియ్యం బస్తా 25 కిలోలు, విప్పకుండా అలాగే. పప్పులు, పిండ్లు, నూనె, పచ్చళ్లు కలిపి 40. కుక్కర్లు, గిన్నెలు 20, ఇందులో మా అత్తగారి చిన్న రాతి రోలు కూడా ఉంది. బట్టలు, పరుపులు, దుప్పట్లు 60. నిండా సర్దిన చిన్న ఫ్రిజ్ 45. రెండో స్టెప్నీ 30, రెండు డీజిల్ క్యాన్లు 40, పనిముట్లు, లాగే తాళ్లు 20. మొత్తం 280. అంటే 145 కిలోలకు చోటున్న చోట 280 వేశాం. ఇంటి తూకం యంత్రం మీద ఒక్కొక్క డబ్బా పెట్టి ఈ లెక్క వేసింది ప్రయాణానికి ముందు కాదు, తర్వాత. తప్పు నాది కూడా ఉందని ఒప్పుకుంటున్నాను.

కెయిర్న్స్ దాటి మొదటి రాత్రి అథర్టన్ పీఠభూమి మీద ఆగాం. సన్నటి జల్లు పడింది. పిల్లల పడక మీద కుట్ల వెంట నీళ్లు కారాయి. కొత్త కాన్వాస్ గుడ్డను బయలుదేరే ముందు ఇంటి దగ్గరే రెండు మూడు సార్లు బాగా తడిపి ఆరబెట్టాలట, నూలు ఉబ్బి సూది రంధ్రాలు మూసుకుంటాయట. ఈ మాట పక్క గుడారంలోని ముసలాయన చెప్పాడు. అమ్మినవాడు చెప్పలేదు. ఇది చిన్న విషయం, వదిలేద్దాం.

లారా అనే ఊరు దాటాక అసలు కథ మొదలవుతుంది. కేప్ యార్క్ వైపు వెళ్లే ప్రధాన దారి పెనిన్సులా డెవలప్‌మెంటల్ రోడ్డును కొంత కొంతగా తారు వేసుకుంటూ వస్తున్నారు, కానీ తారు లేని చోట రోడ్డు రేకుల కప్పులా మడతలు మడతలుగా ఉంటుంది. బండి గంటల తరబడి దడదడలాడుతుంది. ఆ దడకు ఏమవుతుందో కళ్లారా చూశాను. ఆవకాయ గాజు జాడీ పగలలేదు, ఇంకా ఘోరం, దాని మూత దానంతట అదే తిరిగి ఊడిపోయింది. నూనె పక్కనున్న దుప్పట్ల సంచిలోకి ఇంకింది. రాత్రి మా చిన్నవాడు దుప్పటి కప్పుకుని "నాన్నా, కళ్లు మండుతున్నాయి" అని ఏడుపు. స్టీలు డబ్బాలు ఒకదానికొకటి రాసుకుని నల్లటి పొడి రాలింది. శీతల పానీయాల అల్యూమినియం డబ్బాలకు పక్కల చిల్లులు పడి సగం ఖాళీ అయ్యాయి. పోపుల డబ్బాలో మెంతులు, ఆవాలు, జీలకర్ర అన్నీ ఒకటైపోయాయి. దీనికి తోడు ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తటి ఎర్ర దుమ్ము. తలుపు రబ్బరు సందుల్లోంచి లోపలికి చేరి గోధుమపిండి రంగు మార్చేసింది. కాబట్టి పచ్చళ్లు మూత బిగించి పైన టేపు చుట్టిన ప్లాస్టిక్ సీసాల్లోనే, ప్రతి డబ్బాకూ మధ్య ఒక పాత తువ్వాలు, బట్టలన్నీ జిప్ సంచుల్లో. ఈ ఒక్క పేరా ప్రింటు తీసుకుని వంటింట్లో అతికించుకున్నా నాకు సంతోషమే.

హాన్ రివర్ రోడ్‌హౌస్ దగ్గర మా టైర్లు చూసిన ఒకాయన గాలి ఎంత పెట్టావని అడిగాడు. డీలర్ ఇచ్చినట్టే 45 పీఎస్ఐ ఉంది. ఇలాంటి దారిలో 25 దగ్గరికి దించి, వేగం తగ్గించి వెళ్లాలని చెప్పాడు. దించాను, కానీ అప్పటికే దడ తినవలసినంత తిన్నది ఆ కమాన్.

మస్‌గ్రేవ్ దగ్గర టీ కోసం ఆగినప్పుడు మా అత్తగారు దిగి, "బాబూ, ఈ చక్రం దగ్గర ఏదో కాలుతున్న వాసన వస్తోంది" అన్నారు. 1887లో కట్టిన పాత టెలిగ్రాఫ్ స్టేషన్ అది, పిల్లలు దాన్ని చూడటానికి పరుగెత్తారు. నేను బ్రేకు వాసన అనుకుని పట్టించుకోలేదు. ఆగిన ప్రతిచోటా చక్రం మధ్య భాగం మీద చెయ్యి వేసి చూడాలని ఇప్పుడు తెలుసు. వెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగో బ్రేకో చెడినట్టే. మా విషయంలో బరువుకు కమాన్ పట్టీలు కుంగి, గతుకు పడినప్పుడల్లా టైరు మడ్‌గార్డుకు రాసుకుంటోంది. కాలిన వాసన రబ్బరుది.

మస్‌గ్రేవ్ నుంచి కోయెన్ సుమారు 110 కిలోమీటర్లు. దాదాపు 70 వెళ్లాక వెనక ఫట్‌మని చప్పుడు. అద్దంలో చూస్తే ట్రైలర్ ఎడమకు ఒరిగింది. దిగి వంగి చూశాను. పెద్ద పట్టీ మధ్య బోల్టు దగ్గర అడ్డంగా విరిగింది. విరిగిన ముఖంలో ఒక సగం తాజాగా మెరుస్తోంది, ఇంకో సగం తుప్పు పట్టి గోధుమరంగులో ఉంది. అంటే పగులు ఆ రోజుది కాదు. ఈ ఒక్క ఫోటో తర్వాత నాకు వంద ఉత్తరాల పని చేసింది. విరిగిన ముక్కను పారేయకండి, అన్ని వైపుల నుంచీ ఫోటో తీయండి.

బండ్లవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే యూహెచ్‌ఎఫ్ రేడియోలో 40వ ఛానల్‌లో పిలిచాను. ఇరవై నిమిషాలకు ఒక జంట ఆగారు. చెక్క దిమ్మ ఇరికించి, బిగింపు పట్టాతో ఇరుసును కట్టి, సామాను సగం వాళ్ల బండిలోకి మార్చి, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో కోయెన్ చేరాం. అక్కడ ఐదు రాత్రులు. చివరికి ట్రైలర్‌ను ట్రక్కు మీద కెయిర్న్స్‌కు దించడానికి 2,900 డాలర్లు. నా రోడ్డు సహాయ పథకం కారుకు వర్తిస్తుందట, ట్రైలర్‌కు కాదట. మీ పథకం పత్రాల్లో ట్రైలర్ అనే మాట ఉందో లేదో ఈ రాత్రే వెతకండి. జార్డిన్ నది మీద ఫెర్రీ, ఆస్ట్రేలియా ప్రధాన భూభాగపు ఉత్తరపు కొస పజింకా, ఫ్రూట్ బ్యాట్ జలపాతం, పిల్లలు రంగులు వేసి గోడకు అంటించుకున్నవేవీ మేము చూడలేదు.

ఇంతా విని, అయితే నీళ్లు తగ్గించుకుంటే సరిపోతుందిగా, దారిలో నదులు ఉంటాయిగా అంటారేమో. మా అత్తగారూ అదే అన్నారు, ఏటి నీళ్లతో గిన్నెలు తోముకుంటానన్నారు. వద్దు. అవి ఉప్పునీటి మొసళ్ల నదులు. నీటి అంచుకు కనీసం ఐదు మీటర్ల దూరంలో ఉండాలి, గుడారం అయితే 50 మీటర్ల దూరంలో, ఎత్తు మీద వేయాలి. తగ్గించవలసింది బియ్యం, బట్టలు, రోళ్లు. నీళ్లు కాదు. పది కిలోల బియ్యం చాలు, మిగతాది వెయిపా ఊళ్లోనో బమాగా ఊళ్లోనో కొనుక్కోవచ్చు, ధర ఎక్కువైనా సరే. పండ్లు మాత్రం తిరుగు ప్రయాణంలో కోయెన్ వైపు తీసుకురాకండి, అక్కడ పండ్లు, మొక్కల తనిఖీ కేంద్రం ఉంది. మామిడికాయల సంచితో దొరికిపోతే ఆ సిగ్గు వేరు.

ఇక డీలర్. ఫోన్ చేస్తే వారంటీ పుస్తకం పద్నాలుగో పేజీ చూడమన్నాడు. 'తారు లేని రోడ్ల మీద వాడితే వర్తించదు' అని చీమంత అక్షరాలు. కేప్ యార్క్‌కు సిద్ధమని అమ్మిన బండికి తారు లేని రోడ్డు పనికిరాదట! ఇది చదివి భయపడి ఊరుకోకండి. ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం ప్రకారం అమ్మిన వస్తువు తగిన నాణ్యతతో ఉండాలి, ఏ పనికని చెప్పి కొన్నామో ఆ పనికి పనికిరావాలి, ప్రకటనలో చెప్పినట్టు ఉండాలి. దుకాణంవాడి పుస్తకంలో ఏం రాసుకున్నా ఆ హక్కులు పోవు. అయితే రుజువు మన చేతిలో ఉండాలి. నా అదృష్టం, కొనే ముందు 'కేప్ యార్క్ వెళ్లాలి, సరిపోతుందా' అని నేను పంపిన సందేశానికి 'నిశ్చింతగా' అని అతను జవాబిచ్చాడు. అది ఫోనులో ఉంది.

క్వీన్స్‌లాండ్ ఫెయిర్ ట్రేడింగ్ కార్యాలయానికి ఫిర్యాదు పెట్టాక కొత్త కమాన్లు, ఇరుసు ఖర్చు ఇచ్చాడు. ట్రక్కు డబ్బులు ఇవ్వనంటున్నాడు, అధిక బరువు మీ తప్పు అంటున్నాడు. మీరిచ్చిన 450 అంకె తప్పు అని నేను వేబ్రిడ్జి రసీదు పంపాను. కుదరకపోతే క్యూక్యాట్ అనే క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ట్రిబ్యునల్‌కు వెళ్తాను, 25,000 డాలర్ల లోపు తగాదాలు అక్కడ వింటారు.

మీరు కొనేటప్పుడు బేరం మొదలుపెట్టక ముందే, దగ్గర్లో వేబ్రిడ్జి ఎక్కడుందో చూసి ట్రైలర్‌ను అక్కడికి తీసుకెళ్లమనండి. కారుకు తగిలించి కాదు, విడదీసి, ముందు చిన్న చక్రం కూడా కాటా మీదే ఉండేలా తూయించండి. తగిలించి తూస్తే కొంత బరువు కారు మీద పడి తక్కువ చూపిస్తుంది. రాను అన్నవాడి దగ్గర కొనకండి. ట్యాంకులు ఖాళీగా ఉన్నాయో లేదో కూడా కుళాయి తిప్పి చూడండి.

నిన్న రాత్రి అదే ప్రకటన మళ్లీ తెరిచి చూశాను. ధర 500 డాలర్లు తగ్గించాడు. సామాను బరువు దగ్గర ఇంకా 450 కిలోలు అనే ఉంది.