తలనొప్పి ఉన్నోళ్ల సంఘంలో రెండేళ్లు: నా అనుభవం

నల్లగొండలో మైగ్రేన్ ఉన్నవాళ్లం కొందరం కలిసి నడుపుకుంటున్న చిన్న సంఘం మాది. నెలకో ఆదివారం పొద్దున ఎవరో ఒకరింట్లో కూర్చుంటాం. చందా లేదు, డాక్టరూ ఉండరు. చేరి రెండేళ్లు దాటింది.

అన్నిటికంటే పనికొచ్చింది నోటుపుస్తకం. నెత్తి నొచ్చిన తారీఖు, ఎంతసేపు ఉంది, ఏ గోలీ వేసుకున్నాం, ఆ పూట తిన్నామా లేదా, నెలసరి ఎప్పుడొచ్చింది, అన్నీ రాయాలి. కలిసినప్పుడు ఒకరిది ఇంకొకరు చదువుతాం. అట్లా చదువుతుంటేనే మిర్యాలగూడ అక్క ఒకామె దాదాపు రోజు విడిచి రోజు గోలీ వేసుకుంటున్నట్టు బయటపడ్డది. పారాసిటమాల్ లాంటివి నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు (మైగ్రేన్ నొప్పి వచ్చినప్పుడు వేసుకునే గోలీలు) గానీ రెండు మూడు మందులు కలిసిన గోలీలు గానీ 10 రోజులు, ఇట్లా మూడు నెలలు దాటి వాడితే ఆ మందుతోనే తలనొప్పి పెరగొచ్చు. ఈ సంగతి ఆమెకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆ పుస్తకమే పట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరికి పోయింది. నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందు రాసిచ్చారు. అది పనిచేస్తుందా లేదా తేలడానికి రెండు నెలలైనా పడుతుంది. మధ్యలో మానేస్తానంటే మేమే ఫోన్లు చేసి ఆపాం.

"తలనొప్పికే ఇంత చేస్తవా?" అని ఇంట్లో అనిపించుకోని ఆడమనిషి మాలో లేదు. ఒకసారి ఓ చెల్లె మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్లు మూసుకుంది. ఒకరు లేచి ట్యూబ్‌లైటు ఆర్పారు, ఇంకొకరు కిటికీ తెర లాగారు, మరొకరు బకెట్ తెచ్చి పక్కన పెట్టారు. ఏమైందని ఎవరూ అడగలేదు. నాకు ఈ సంఘం మీద ప్రేమ కలిగింది ఆ రోజే.

ఇబ్బందులూ ఉన్నాయి. చిట్కాలు మరీ ఎక్కువ. ఒకాయన ఏదో పొడి తెచ్చి అమ్మబోతే, ఇక్కడ అమ్మకాలు వద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఇంకోటి, ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, మాట తడబడినా, చెయ్యో కాలో పడిపోయినా సంఘం కోసం చూడొద్దు, వెంటనే దవాఖానకు పోవాలి. యాభై దాటాక కొత్తగా తలనొప్పి మొదలైనవాళ్లు కూడా ముందు డాక్టరుకు చూపించుకుని రండి.

మే నెల ఎండల్లో దేవరకొండ నుంచి బస్సులో వచ్చేవాళ్లకు దారిలోనే నొప్పి అందుకుంటుంది. ఆ నెలల్లో ఫోన్లోనే మాట్లాడుకుంటాం గానీ పుస్తకాలు చదవడం కుదరదు. అటువైపు నలుగురు కలిసి ఒక సంఘం పెడతామంటే, పుస్తకం ఎట్లా రాయాలో చూపించడానికి నేనొస్తాను.