పెరన్‌పోర్త్: ఆటుపోట్ల వేళలు చూసుకుని వెళ్లవలసిన ఊరు

ఇంగ్లండ్‌కు నైరుతి కొసన, కార్న్‌వాల్ ఉత్తర తీరంలో ఉన్న పెరన్‌పోర్త్‌లో మేము జూలై చివర నాలుగు రోజులు గడిపాము. లండన్‌కు పశ్చిమాన ఉన్న రెడింగ్ నుంచి కారులో వెళ్లాము. ఇద్దరు పిల్లలతో పాటు మా అత్తగారు కూడా వచ్చారు.

అక్కడికి వెళ్లాలనుకునే మనవాళ్లకు ముందుగా చెప్పవలసినది ఆటుపోట్ల గురించి. విశాఖ తీరంలో నీటిమట్టం తేడా రెండు మీటర్లు కూడా ఉండదు కాబట్టి మనకు ఆ లెక్క అలవాటు లేదు. ఇక్కడ పౌర్ణమి, అమావాస్యల తరువాతి రోజుల్లో అది 6 మీటర్ల దాకా ఉంటుంది. మొదటి రోజు నీరు బాగా వెనక్కు తీసినప్పుడు, తడి ఇసుక మీద కాటీస్ పాయింట్ అనే కొండకొమ్మును దాటి ఉత్తరంగా చాలా దూరం నడిచాము. తిరిగి వచ్చేసరికి అలలు ఆ కొమ్మును కొడుతున్నాయి, ఊళ్లోకి ఇసుక దారి మూసుకుపోయింది. అత్తగారిని చెయ్యి పట్టుకుని దిబ్బల మీదుగా తీసుకురావలసి వచ్చింది. ఇల్లు అద్దెకిచ్చినవారు కారు ఎక్కడ నిలపాలో రెండు పేజీలు రాసి పెట్టారు గాని, ఈ మాట ఒక్క వాక్యంలోనైనా రాయలేదు. ఇంటిపై నా ఫిర్యాదు అదొక్కటే అయినా, చిన్నది మాత్రం కాదు.

సర్ఫింగ్ (బోర్డు మీద నిలబడి అలలపై సాగే ఆట) పాఠం ఇచ్చిన డబ్బుకు పూర్తిగా తగినది. చన్నీటిలో ఒంటి వేడిని నిలిపే బిగుతు రబ్బరు దుస్తులైన వెట్‌సూట్లు వేసుకున్నాక శిక్షకురాలు ఒక్కొక్కరి మెడ దగ్గర, నడుము వెనుక వేలితో లాగి చూశారు. వదులుగా ఉంటే చన్నీరు లోపలికి వచ్చిపోతూ ఒంటి వేడిని లాగేస్తుందని చెప్పి, మా అమ్మాయికి సూటు మార్పించారు. తరువాత ఇసుక మీద బోర్డు ఆకారం గీసి, బోర్లా పడుకుని, అరచేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, ఒక్క ఊపులో లేచి నిలబడడం పదేపదే చేయించారు. నీళ్లలోనూ నడుము లోతు దాటనివ్వలేదు. విరిగి, తెల్లని నురుగై ఒడ్డుకు పరుగెత్తే అలలే కొత్తవారికి తగినవని ఆమె చెప్పినది, మా అబ్బాయి ఫోమ్ బోర్డు మీద నాలుగు క్షణాలు నిలబడినప్పుడు నాకు అర్థమైంది. ఎరుపు, పసుపు జెండాల మధ్య ఈత కొట్టాలి, నలుపు తెలుపు గళ్ల జెండాల మధ్య బోర్డులు వాడాలి. పాదాలకు రబ్బరు చెప్పులు ఉండడం మంచిది, ఎందుకంటే లోతు తక్కువ నీటిలో ఇసుక కింద దాగే వీవర్ చేప ముల్లు గుచ్చుకుంటే, భరించగలిగినంత వేడినీటిలో పాదం ముంచి ఉంచవలసి వస్తుంది.

తీరం వెనుక పెన్‌హేల్ ఇసుక దిబ్బలు ఉన్నాయి. మన కోస్తాలో సరుగుడు తోటలు చేసే, ఇసుకను పట్టి నిలిపే పనిని ఇక్కడ మారమ్ గడ్డి చేస్తుంది. గాలికి ఇసుక ఒక పక్క కొట్టుకుపోయిన చోట, దాని వేళ్లు చిక్కుపడిన కొబ్బరి పీచులా వేలాడుతూ కనిపించాయి. అందుకే నడకదారి వదలవద్దని పిల్లలకు చెప్పాము. ఆ దిబ్బల నడుమనే, కార్న్‌వాల్ వారు ఆరాధించే క్రైస్తవ సాధువు సెయింట్ పిరాన్ పేరున్న ప్రార్థనాలయం ఉంది. శతాబ్దాల పాటు ఇసుక కప్పేసిన ఆ శిథిలాన్ని, రక్షణ కోసం 1980లో మళ్లీ పూడ్చి, 2014లో తిరిగి వెలికితీశారు. మోకాలి నొప్పితోనే అక్కడికి నడిచిన అత్తగారు, ఆ రాతి గోడల ముందు చాలాసేపు నిలబడ్డారు.

తిండికి ఇబ్బంది పడలేదు. శాకాహారులకు చీజ్, ఉల్లిపాయ కూరిన పాస్టీ (కజ్జికాయలా మడిచి కాల్చిన తినుబండారం) దొరుకుతుంది. సముద్రపు నీరు ఆగస్టు, సెప్టెంబరులలో కాస్త వెచ్చగా ఉంటుంది కాబట్టి, మరోసారి ఆగస్టు చివరి వారంలో, దిబ్బలకు దగ్గరగా ఇల్లు తీసుకుని వెళ్లాలని నిర్ణయించుకున్నాము.