పారాట్రూపర్లకి విమానాలెన్ని కావాలి: 2018 నుంచి వాడుతున్న షీట్ గురించి

ముందే చెప్పేస్తున్నా, ఇది ఆట మీద రివ్యూ కాదు, ఆటలో పారాట్రూపర్లని, అంటే విమానం నుంచి పారాచూట్ తో దూకే సైనికుల్ని, దింపడానికి ఎన్ని విమానాలు కావాలో లెక్కేసే ఎక్సెల్ షీట్ మీద రివ్యూ. చేసింది మా బావ. తనది బొబ్బిలి, మాది కాశీబుగ్గ, రెండో ప్రపంచ యుద్ధం మీద ఒక స్ట్రాటజీ గేమ్ ఇద్దరం ఎదురెదురుగా మెయిల్ లో ఆడతాం, ఒక టర్న్ అంటే యుద్ధంలో ఒక రోజు. షీట్ మాత్రం ఇద్దరికీ ఒకటే. మీరు ఆడేది ఏ ఆటైనా సరే, యూనిట్ లో ఎంతమంది ఉన్నారు, విమానం ఎంత మోస్తుంది, ఈరోజు ఎగరగలిగినవి ఎన్ని అన్న మూడూ చూపిస్తే చాలు, ఇది పనికొస్తుంది.

కొత్తగా ఆడేవాళ్ళు ఎక్కడ దెబ్బతింటారంటే, బేస్ లో 80 జంకర్స్ 52లు (జర్మన్ల రవాణా విమానాలు) కనిపిస్తాయి, ఒక్కోదానికి 12 మంది, అంటే 960 మంది, మన బెటాలియన్ 600 మందే కదా హాయిగా సరిపోతాయి అనుకుని ఆర్డర్ ఇచ్చేస్తారు. నేనూ మొదట్లో అలాగే ఇచ్చాను. షీట్ దీన్ని వెనక నుంచి మొదలెడుతుంది, అదే దీంట్లో నాకు బాగా నచ్చింది. అవతల నేల మీద 600 మంది నిలబడాలి, 12తో భాగిస్తే 50 విమానాలు, మెషిన్ గన్లు మందుగుండు ఉన్న పెట్టెలకి ఇంకో 6, మొత్తం 56 ఎగరాలి. ఏ రోజు చూసినా పదింట్లో మూడు రిపేర్ లోనే ఉంటాయి కాబట్టి 56ని 0.7తో భాగిస్తే 80. అంటే ఆ 80 హాయిగా సరిపోవడం కాదు, సరిగ్గా సరిపోవడం. అందులో ఒక్కటి ఎక్కువ పాడైనా ఎవడో ఒకడు బేస్ లోనే ఉండిపోతాడు.

షీట్ చెప్పేది నిజమేనా అని మొదట్లోనే అసలు యుద్ధంతో సరిచూశాను. 1942 జనవరి 11న జపాన్ నేవీ వాళ్ళు సెలెబెస్ దీవిలో (ఇప్పటి ఇండోనేషియాలోని సులవేసి) మెనాడో దగ్గర 334 మందిని 28 విమానాల్లో తీసుకెళ్ళి దింపారు. షీట్ లో 334 పెట్టి, విమానానికి 12 అని పెట్టాను, వచ్చింది 28. ఆ రాత్రి ఎంత సంతోషం వేసిందో, వెంటనే బావకి ఫోన్ చేసి చెప్పాను. పసిఫిక్ యుద్ధం మీద నాకింత పట్టుదల ఎందుకంటే ఇంట్లో విన్న కథలే, 1942 ఏప్రిల్ 6న వైజాగ్ మీద జపాన్ వాళ్ళు బాంబులు వేసినప్పుడు జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్ళకి వచ్చేశారని మా తాతమ్మ చెప్పేది, ఆ విమానాల పేర్లు నేర్చుకోవాలని మొదలెట్టి ఇక్కడిదాకా వచ్చాను.

కానీ ఆ 28 నన్ను మోసం చేసింది. అసలు జవాబు 27.83, మామూలుగా రౌండ్ చేసినా 28, పైకి రౌండ్ చేసినా 28, అందుకే అప్పుడు తప్పు కనపడలేదు. తర్వాత అమెరికన్ల వైపు ఆడుతూ డకోటాకి (వాళ్ళ రవాణా విమానం) 18 మంది చొప్పున 600 మందికి లెక్కేస్తే షీట్ 33 అంది. నమ్మి 33 పంపాను. 33 పద్దెనిమిదులు 594, ఆరుగురు మిగిలిపోయారు, ఆట వాళ్ళని విడి ముక్క చేసి బేస్ లోనే ఉంచేసింది, నా మోర్టార్లు ఆ ముక్కలోనే ఉన్నాయి. ఎందుకలా అయిందో అప్పుడు అర్థం కాలేదు. ఆ అక్టోబర్ లోనే తిత్లీ తుఫాను వచ్చింది, రోజుల తరబడి కరెంట్ లేదు, జీడిచెట్లు కొబ్బరిచెట్లు పడిపోయి ఊరంతా ఆ బాధలో ఉంది, పగలంతా కొమ్మలు లాగడమే పని, రాత్రి నిద్ర పట్టక కొవ్వొత్తి దగ్గర కూర్చుని నోట్ బుక్ లో చేత్తో భాగహారం వేస్తే 33.33 అని వచ్చింది, అప్పుడు తెలిసింది. మూడో వంతు విమానం అని ఉండదు కదా, మిగిలినవాళ్ళు ఆరుగురైనా ఇంకో విమానం కావాల్సిందే. నెట్వర్క్ వచ్చాక బావకి చెబితే "ఒరే, ఆరుగురే కదరా, ఏటైపోద్ది" అన్నాడు గానీ ఆ రాత్రే ఫార్ములా మార్చి పంపాడు, ఇప్పుడు ఎప్పుడూ పైకే రౌండ్ అవుతుంది.

రెండో ట్రిప్పు కాలమ్ గురించి కొంచెం ఎక్కువ రాయాలి. విమానాలు తక్కువైతే అందరం చేసే పని, సగం మందిని ముందు దింపి అవే విమానాల్ని మళ్ళీ పంపడం. 1941 మే 20న గ్రీస్ కి చెందిన క్రీట్ దీవిలో జర్మన్లు చేసింది అదే, జంకర్స్ లు సుమారు 500 ఉన్నా అందరూ ఒక విడతలో పట్టలేదు, పొద్దున మాలెమె, ఖానియా వైపు దింపి, అవే తిరిగి గ్రీస్ కొచ్చి మధ్యాహ్నం రెథిమ్నో, హెరాక్లియన్ కి వెళ్ళాలి. గ్రీస్ లోని ఆ మట్టి ఎయిర్ ఫీల్డుల మీద దుమ్ము లేచి వెనక విమానానికి దారి కనపడదు, పెట్రోలు చేత్తో పోసుకోవాలి, పొద్దున దెబ్బతిన్నవి రానే రావు, చివరికి మధ్యాహ్నం విడత ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా వెళ్ళింది. షీట్ లో మాత్రం రెండో ట్రిప్పుకీ అవే 56 విమానాలు అని చూపిస్తుంది. ఇది తప్పు, ఇప్పటికీ తప్పే. నా ఆటలో ఒకసారి 56 వెళ్తే 8 కూలిపోయాయి, 12 దెబ్బతిని వచ్చాయి, మర్నాటికి మిగిలింది 36, అంటే పెట్టెలు వదిలేసినా 432 మంది, షీట్ నమ్మి ఉంటే ఇంకో 600 మంది వస్తారని వంతెన దగ్గరకి ముందే కదిలిపోయి ఉండేవాణ్ణి.

పైగా మొదట దిగినవాళ్ళందరూ పోరాటానికి రారు. 1944 సెప్టెంబర్ 17న నెదర్లాండ్స్ లో ఆర్నెమ్ దగ్గర బ్రిటిష్ డివిజన్ కి విమానాలు చాలక మూడు రోజుల్లో మూడు విడతలుగా దింపాలని ప్లాన్ వేశారు, దాంతో మొదటిరోజు దిగినవాళ్ళలో కొంతమంది పట్టుకోవాల్సిన వంతెనకి వెళ్ళకుండా తర్వాత విడత దిగే మైదానాలకి కాపలా ఉండిపోవాల్సి వచ్చింది, ఆ తర్వాత విడతలు ఇంగ్లండ్ లో వాతావరణం బాగోక ఆలస్యమయ్యాయి. అందుకే నేను ఇప్పుడు రెండు ట్రిప్పులు వేయాల్సి వస్తే మొదటి విడతలో మూడో వంతు మందిని కాపలాకే రాసేసుకుంటాను, మిగిలినవాళ్ళతో టార్గెట్ పట్టుకోలేననిపిస్తే అసలు దింపను, విమానాలు పోగయ్యేదాకా ఆగుతాను. 1971 డిసెంబర్ 11న మనవాళ్ళు ఇప్పటి బంగ్లాదేశ్ లోని టంగైల్ లో 2 పారా బెటాలియన్ ని దింపినప్పుడు ఒకే రకం విమానాలు కాదు, ఏఎన్-12లు, ప్యాకెట్లు, కరిబూలు, డకోటాలు అన్నీ కలిపి వాడారు. షీట్ లో విమానం రకం ఒక్కటే పెట్టగలం, రెండు రకాలు కలిపితే రెండుసార్లు వేసి కూడుకోవాలి, అది చిరాకే గానీ పని ఆగదు.

దూరం కాలమ్ బాగానే ఉంది, దూరం పెరిగితే పెట్రోలు ఎక్కువ, మోసే బరువు తక్కువ, దాన్ని తగ్గించి చూపిస్తుంది. ఫోన్ లో తెరిస్తే కుడివైపు కాలమ్స్ కనపడవు, లాప్ టాప్ లోనే వాడండి.

ఇన్నేళ్ళలో ఈ షీట్ లేకుండా నేను ఒక్క డ్రాప్ కూడా వేయలేదు. రెండో ట్రిప్పుకి ముందు కూలినవి, దెబ్బతిన్నవి తీసేసే కాలమ్ పెట్టమని బావని అడిగాను, సంక్రాంతికి వచ్చినప్పుడు కలిసి కూర్చుని చేద్దాం అన్నాడు. అప్పటిదాకా ఆ ఒక్క తీసివేత నోట్ బుక్ లో వేసుకుంటున్నాను.