చేర్యాల పటంలో యముడు

మేము వరంగల్ కొత్తవాడ పద్మశాలీలం. మార్కండేయుడు మా కులదైవం. అందుకే జనగామ మీదుగా చేర్యాల పోయి, బట్ట మీద కథల పటాలు రాసే నకాషీ కళాకారుల ఇంట్లో కూర్చున్నప్పుడు వేరే బొమ్మలేవీ చూడలేదు. యముడు పాశం వేసే ఘట్టం ఉందా అని అడిగాను. తయారుగానే ఉంది. మూరెడు వెడల్పు పటం, ఫ్రేము లేకుండా నాలుగు వేలు. బేరమాడలేదు. చేతిపనికి బేరమాడితే ఎట్లుంటదో నేతోళ్ళకు తెలుసు.

ముందు బట్ట సంగతి. ఖద్దరు మీద చింతగింజల అంబలి, సుద్ద, బంక కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరాక అట్టలా బిగుస్తుంది. నూలుకు గంజి పెట్టే ఇంట్లో పెరిగాను కాబట్టి వేలితో తడమగానే తెలిసింది, అంచుల దాకా పూత సమంగా పట్టింది.

ఇక బొమ్మ. వెనకంతా చేర్యాల ఎరుపు. పదహారేళ్ళు నిండిన పిల్లవాడు లింగాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. లింగం చీల్చుకుని వచ్చిన శివుడి కాలు యముడి రొమ్ము మీద ఉంది. నన్ను పట్టి నిలబెట్టింది మాత్రం యముడే. నకాషీ పద్ధతిలో దేవుళ్ళకు నీలం, రాక్షసులకు ముదురు గోధుమ ఛాయలు వేస్తారు. ఇక్కడ యముడి ఒళ్ళు నీలం. తన్నులు తిని వెల్లకిలా పడ్డా కిరీటం ఊడలేదు. కోరలు లేవు. చావును రాక్షసుడిని చేయకుండా, తన పని చేయడానికి వచ్చిన దేవుడిగా చూపించిన చెయ్యి అది. క్యాలెండర్లలో నాకు ఇట్లాంటి యముడు కనిపించలేదు.

పక్కింటి పెద్దమ్మ చూసి, "యముని బొమ్మ ఇంట్ల పెట్టుకుంటరా?" అంది. అమ్మే జవాబు చెప్పింది: "మన కథే గదా వదినా. కూనపులోళ్ళు పటం విప్పి చెప్తుంటే తెల్లారేదాక వినలేదా?" కూనపులివారంటే పటం చూపిస్తూ మా పద్మశాలీలకు మార్కండేయుడి కథ చెప్పేవాళ్ళు. నాన్న పోయాక మా ఇంట్లో చావు మాట ఎత్తడానికే అందరం జంకేవాళ్ళం. ఇప్పుడు అమ్మ ఆ పటం కింద కూర్చుని పిల్లలకు కథ చెప్తోంది. "యముడే పడిపోతే ఇంక ఎవ్వరూ చచ్చిపోరా నానమ్మా?" అని చిన్నది అడిగింది. చావు లేక భూమికి బరువు పెరిగితే దేవతలు మొరపెట్టుకున్నారనీ, శివుడు యముణ్ణి మళ్ళీ లేపాడనీ చెప్పింది అమ్మ.

నాకు లోటు అనిపించింది అక్కడే. ఆ లేపిన ఘట్టం ఇందులో లేదు. కూనపులివారి కోసం రాసిన పాత పటాలు మూడడుగుల వెడల్పు, గజాలకొద్దీ పొడవు. కథంతా వరసగా గళ్ళలో నడుస్తుంది. గోడ కోసం ఒక్క గడి కోసి తీసుకుంటే సగం కథే వస్తుంది. ఇంకొకటి: పాశం మరీ సన్నగా గీశారు, ఎరుపులో కలిసిపోయి నాలుగడుగుల దూరం నుంచి కనబడదు. ఈ బొమ్మకు పాశమే ప్రాణం, దాన్ని కొంచెం దిట్టంగా గీయాల్సింది.

రంగులు ఏవి వాడారో అడిగి తీసుకోండి. ఇప్పుడు కొన్నిటికి కొనుక్కొచ్చిన రంగులే వాడుతున్నారు, అడిగితే దాచకుండా చెప్తారు. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం పూతకు అంటుకోకుండా మధ్యలో మౌంట్ పెట్టించండి. చెమ్మ ఎక్కే గోడకు వేలాడదీయొద్దు. యముడు లేచే ఘట్టం కూడా కలిపి రెండు గళ్ళ పటం కావాలంటే ముందే చెప్పి చేయించుకోవాలి. నేను బయానా ఇచ్చి వచ్చాను.