డాబాకి ‘పదేళ్ళ గ్యారంటీ’ కోటింగు వేయించేవాళ్ళు కాస్త ఆగండి

కోనసీమలోనూ, గోదావరి అవతల నరసాపురం, పాలకొల్లు వైపూ డాబా ఇళ్ళున్న వాళ్ళందరికీ ఈ హెచ్చరిక. వానాకాలం ముందు ఆటో ట్రక్కుకి ఫ్లెక్సీ కట్టుకుని, “మీ స్లాబు కారుతోందా? ఒక్క రోజులో ఆపేస్తాం, పదేళ్ళ గ్యారంటీ” అని మైకులో చెప్పుకుంటూ వీధివీధీ తిరిగేవాళ్ళుంటారు. వాళ్ళ చేతిలో అడ్వాన్సు పెట్టేముందు ఇది చదవండి. మా ఇంటికి వేసిన కోటింగు మృగశిర కార్తెలో మొదటి గట్టి వానకే చేతులెత్తేసింది.

మాది అమలాపురం దగ్గర పల్లె. పాత ఇల్లు, 900 చదరపు అడుగుల స్లాబు, మూడువైపులా కొబ్బరిచెట్లు. మన వైపు డాబాల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నీడకి నాచు పడుతుంది. రాలిన పూతా పిందెలూ తూముల్లో ఇరుక్కుని నీళ్ళు మూలల్లో నిలబడిపోతాయి. ఎండాకాలం వచ్చేసరికి ఆ నాచు ఎండి నల్లగా అతుక్కుపోతుంది, చూసేవాళ్ళకి దుమ్ములాగే కనిపిస్తుంది.

చదరపు అడుగుకి 45 రూపాయల చొప్పున మొత్తం 40,500 అన్నారు. అందులో 25 వేలు ముందే తీసుకున్నారు. “పెద్ద కంపెనీ మెటీరియల్ సార్, పొద్దున్న వచ్చి సాయంత్రానికి అప్పజెప్పేస్తాం” అన్నాడు వాళ్ళ సూపర్‌వైజరు. బిల్లు అడిగితే, “గ్యారంటీ కార్డు ఇస్తున్నాం కద సార్, ఇంక బిల్లెందుకు?” అన్నాడు. ఆ కార్డు సంగతి తర్వాత చెబుతాను, ముందు పని ఎలా చేశారో వినండి.

అసలే రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ అంటారే, ఆ ఎండలో పొద్దున్న రావలసినవాళ్ళు మిట్టమధ్యాహ్నం దిగారు. చీపురుతో ఓసారి ఊడ్చారు. వైర్ బ్రష్‌తో గీకింది లేదు, నీళ్ళతో కడిగింది లేదు, పగుళ్ళు వెడల్పు చేసి నింపింది లేదు. చెప్పుల్లేకుండా కాలు పెట్టలేని స్లాబు మీద కోటింగు వేస్తే ఏమవుతుంది? బ్రష్ కిందే గట్టిపడిపోయి సాగదు. సాగడానికి కుర్రాళ్ళు నీళ్ళు పోశారు. మళ్ళీ గట్టిపడింది, మళ్ళీ పోశారు. మా ఆవిడ అడిగితే, “ఇది ఇలాగే కలపాలమ్మా” అన్నారు. డబ్బా మీద మాత్రం మొదటి కోటుకి కొంచెం నీళ్ళు కలపొచ్చు, రెండో కోటుకి అసలు కలపకూడదు అని రాసి ఉంది.

ఆ డబ్బా మీదే ఇంకో లెక్క కూడా ఉంది. రెండు కోట్లూ వేస్తే లీటరుకి 20 చదరపు అడుగులు వస్తుందట. మా డాబాకి 45 లీటర్లు కావాలన్నమాట. వాళ్ళు తెచ్చినవే 20 లీటర్ల డబ్బాలు రెండు. అందులో ఒకటి మూత తియ్యకుండానే సాయంత్రం మళ్ళీ బండెక్కింది. మా స్లాబు మీద పడినదాంట్లో సగం కంపెనీది, సగం మా మోటారుది.

వాన పడింది, పడకగది మూల కారింది. ఫోన్ చేస్తే మొదట “ఇంకా క్యూరింగ్ అవ్వలేదు సార్” అన్నారు. తర్వాత “పిట్టగోడలోంచి దిగుతోంది, గోడ మా పని కాదు” అన్నారు. ఆ తర్వాత ఎత్తడమే మానేశారు.

ఇప్పుడు కార్డు. ముందువైపు బంగారు రంగు అంచు, పెద్ద సీలు. వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో ఉన్నదాని సారాంశం ఇదీ: గ్యారంటీ మెటీరియల్‌కి మాత్రమే, వేసిన పనికి వర్తించదు, నీళ్ళు నిలిచే చోట వర్తించదు, పాత పగుళ్ళకి వర్తించదు, తుఫాను, వరద వగైరా ప్రకృతి వైపరీత్యాలకి వర్తించదు. 1996 నవంబరు తుఫానుకి కొబ్బరితోటలు తుడిచిపెట్టుకుపోయిన సీమలో, తుఫానుకి పనిచెయ్యని గ్యారంటీ ఎవరికండీ? పోనీ మెటీరియల్ గ్యారంటీ అయినా అడుగుదామంటే కార్డు మీద డబ్బా కంపెనీ పేరు లేదు, బ్యాచ్ నంబరు గడి ఖాళీ.

చివరికి మా ఊరి తాపీ మేస్త్రిని పిలిచాను. తాపీ అంచుతో ఓ మూల లేపితే కోటింగు అప్పడంలా ఊడొచ్చింది. వెనక్కి తిప్పి చూపించాడు, అంతా నల్లటి పొడి. “ఇది నాచుకి అంటింది మాస్టారూ, స్లాబుకి అంటలేదు” అన్నాడు.

కిందకొచ్చి గది పైకప్పుని సుత్తి పిడితో తట్టి చూశాడు. ఒకచోట డొల్ల మోత వచ్చింది. కోటింగు వాళ్ళు అక్కడ పుట్టీ పెట్టి సున్నం కొట్టి వెళ్ళారు. ఇది అన్నిటికన్నా ప్రమాదం. సముద్రానికి దగ్గరగా ఉన్న మన ఊళ్ళలో గాలిలో ఉప్పుంటుంది, చాలా బోర్లలో నీళ్ళూ ఉప్పే. ఆ నీళ్ళతో కలిపిన పాత కాంక్రీటులో చువ్వలు తొందరగా తుప్పుపడతాయి. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి లోపల్నించి నెట్టి పెచ్చులూడగొడుతుంది. పైన ఎంత ఖరీదైన కోటింగు పూసినా ఆ చువ్వ బాగుపడదు. పెచ్చులు కొట్టేసి, తుప్పు గీకి, చువ్వకి తుప్పు పట్టకుండా మందు పూసి, మళ్ళీ గట్టిగా పూత పెట్టాలి. డొల్ల మోత వచ్చినచోట పుట్టీ పెడతానన్నవాణ్ణి ఇంకేమీ అడక్కుండా పంపించెయ్యండి.

ఇంకో సంగతి ఈ బండివాళ్ళు ఎవ్వరూ చెప్పరు. జూన్, జులై వానలు మటుకు స్లాబు మీద పడతాయి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టినప్పుడు వాన గాలితో కలిసి అడ్డంగా కొడుతుంది. అప్పుడు నీళ్ళు దిగేది ఎక్కువగా గోడ పగుళ్ళలోంచి, సజ్జల పైనుంచి, కిటికీ చట్రాల పక్కనుంచి. డాబా ఒక్కటీ చేయించి ఇల్లంతా భద్రం అనుకోవడానికి లేదు. పిట్టగోడా స్లాబూ కలిసే మూలలో సిమెంటుతో గుండ్రంగా వాలు తీయించి, కోటింగుని గోడమీదకి ఓ అడుగైనా ఎక్కించాలి. మా వాళ్ళు ఆ మూల దగ్గరే బ్రష్ ఆపేశారు.

చేయించక తప్పదనుకుంటే డబ్బాలు మీరే కొట్లో బిల్లుతో కొనుక్కోండి, కూలీ విడిగా మాట్లాడుకోండి. అప్పుడు నీళ్ళు కలపడంలో ఎవరికీ లాభం ఉండదు. కడిగి ఆరిన స్లాబు మీద పొద్దున్నే, ఎండ ముదరకముందు వేయించండి. వానల మధ్యలో వేయించాల్సి వస్తే ముందురోజు సాయంత్రం ఓ ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచులు టేపుతో అంటించి తెల్లారి తీసి చూడండి. అడుగున నీటిబొట్లు కనపడితే ఆ రోజు పని వద్దు. కోటింగు పూర్తిగా ఆరాక తూములు మూసి, రెండంగుళాల నీళ్ళు కట్టి ఒక రోజంతా ఉంచండి. ఆ పరీక్ష అయ్యేవరకూ కూలీలో మూడోవంతైనా మీ దగ్గరే ఉండాలి. ఈ మాట ముందే చెబితే పనివచ్చినవాడు సరేనంటాడు, రానివాడు ఆ మాటకే బండెక్కేస్తాడు.

నేను 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. తెలుగులోనే మాట్లాడారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండేచోటే కేసు వేసుకోవచ్చు, కంపెనీ ఊరికి తిరగక్కర్లేదు. మనం చెల్లించినది 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం కింద అక్రమ వ్యాపార పద్ధతే. మీ దగ్గర కూడా బంగారు అంచు కార్డు ఉంటే పారెయ్యకండి, డబ్బు పంపిన ఫోన్‌పే రసీదూ, ఊడిన కోటింగు ఫొటోలూ దాంతోపాటే పెట్టుకోండి. కేసు వెయ్యడానికి గడువు రెండేళ్ళు.