దొడ్డికాళ్లకు బ్రేసు మేలా, కొలుస్తూ ఆగడం మేలా?

పుట్టినప్పుడు పిల్లల మోకాళ్లు 10–15 డిగ్రీలు బయటికి వంగి ఉంటాయి, ఇవే దొడ్డికాళ్లు. 18–24 నెలలకు కాళ్లు తిన్నగా అవుతాయి. అక్కడితో ఆగక లోపలికి వంగుతూ, 3–4 ఏళ్లకు మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి. 7 ఏళ్ల నాటికి ఆ ఒంపు 5–7 డిగ్రీలకు తగ్గి నిలుస్తుంది. ఏడాదిన్నరకు తొడిగిన బ్రేసో (కాలిని తిన్నగా పట్టి ఉంచే చట్రం), ఒకవైపు ఎత్తు పెట్టిన బూట్లో రెండేళ్లకు పనిచేశాయనిపిస్తే అందుకే. ఏమీ తొడగకపోయినా ఆ వయసుకు కాళ్లు తిన్నబడేవే.

కాబట్టి రెండు కాళ్లూ ఒకేలా వంగి, నొప్పి లేకుండా ఆడుకునే పిల్లలకు ఆగడమే మేలు. ఊరికే కాదు, కొలుస్తూ ఆగాలి. డైపర్ తొడలను ఎడం చేస్తుంది, దాన్ని తీసేసి వెల్లకిలా పడుకోబెట్టండి. కాళ్లు చాపి, మోకాలి చిప్పలు రెండూ నేరుగా పైకప్పు వైపు ఉండేలా పట్టుకోండి. చాలామంది తప్పేది ఇక్కడే: పాదాలను తిన్నగా పెడతారు, చిప్పలు పక్కకు తిరిగిపోతాయి, లేని ఒంపు ఉన్నట్టు కనిపిస్తుంది. చీలమండలు తాకించి మోకాళ్ల మధ్య సందును టేపుతో కొలవండి. మోకాళ్లు తగిలే పిల్లలకైతే మోకాళ్లు తాకించి చీలమండల మధ్య కొలవాలి. ఆర్నెల్లకోసారి చాలు. నెలనెలా కొలిస్తే కొలతలోని తేడానే మార్పు అనుకుంటాం.

మోకాళ్ల మధ్య 6 సెం.మీ., చీలమండల మధ్య 8 సెం.మీ. దాటితే పిల్లల ఎముకల డాక్టరుకు చూపించాలి. రెండేళ్లు దాటాక దొడ్డితనం పెరుగుతున్నా, ఒక కాలే వంగినా, కుంటుతున్నా, ఎత్తు సరిగా పెరగకపోయినా కొలతతో పనిలేదు, వెంటనే వెళ్లాలి.

బ్రేసుకు చోటు లేకపోలేదు. బ్లౌంట్ వ్యాధిలో మోకాలి కింద ఎముక లోపలివైపు ఎదుగుదల మందగిస్తుంది. బరువెక్కువ ఉండి త్వరగా నడిచిన పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. 3 ఏళ్లలోపు గుర్తిస్తే కొందరు డాక్టర్లు బ్రేసు వేస్తారు, అందులోనూ ఫలితం అందరికీ ఒకేలా ఉండదు. ఎముకలు మెత్తబడే రికెట్స్ సంగతి వేరు. మణికట్టు లావెక్కి, కాళ్లు వంగితే కావలసింది విటమిన్ డి, కాల్షియం. ఎముక మెత్తగా ఉండగా బ్రేసు బిగించి లాభం లేదు. రక్తపరీక్ష, ఎక్స్‌రే తర్వాతే మోతాదు. అంచనా మీద ఎక్కువ మోతాదు పోస్తే విటమిన్ డి విషమవుతుంది.

ఇక కాళ్ల కండలు బలపడడానికి చక్రాల వాకరా, నేలా అంటే తడుముకోకుండా నేలే. వాకర్లో సీటు మీద వేలాడుతూ మునివేళ్లతో తోసే పిల్లకు పిరుదుల కండకు పనుండదు, తూలి నిలదొక్కుకోవడం అలవడదు. పైగా మెట్ల మీద నుంచి దొర్లిపోయే ప్రమాదం. కెనడా 2004లో వాకర్ల అమ్మకాన్నే నిషేధించింది. నడక వచ్చాక గొంతుక్కూర్చుని బొమ్మ తీసి లేవడం, మెట్టెక్కడం, బరువున్న పెట్టెను తోయడం తొడకూ పిరుదుకూ మంచి పని. లేచేటప్పుడు బొమ్మను నడుము ఎత్తులో చూపిస్తే చేతులు నేల మీద ఊనకుండా లేస్తారు. ఇంట్లో వట్టికాళ్లే చాలు. ఈ ఆటలవల్ల కాలికి పట్టు వస్తుంది గానీ ఎముక ఒంపు మారదు, మర్దనతోనూ మారదు.