ప్లేటు లేని బండితో నాలుగేళ్లు: కాలిఫోర్నియాలో హోండా సీఆర్ఎఫ్250ఎఫ్

రోడ్డు మీద కాక మట్టి బాటల మీద నడపడానికే చేసిన ఈ మోటార్ సైకిల్ కొని నాలుగేళ్లు దాటింది. ఇంజన్, సస్పెన్షన్, సీటు ఎత్తు వంటి వివరాలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. దీనికి నంబరు ప్లేటు లేదు, కాలిఫోర్నియాలో ఉన్నంతకాలం రాదు. నేను రాయదలచుకున్నది ఆ ఒక్క విషయం గురించే, ఎందుకంటే డబ్బు కట్టిన రోజున దాని అర్థం నాకు పూర్తిగా తెలియలేదు.

మొదటి ఏడాది నేను దీన్ని అడిగినవారికీ అడగనివారికీ మెచ్చుకుంటూ చెప్పాను. ఎడమ ఫోర్కుకు అంటించిన గ్రీన్ స్టిక్కర్ (ఆఫ్ రోడ్ బండ్లకు ప్లేటు బదులు రాష్ట్రం ఇచ్చే గుర్తింపు) చూపిస్తే హోలిస్టర్ హిల్స్, కార్నెగీ వంటి రాష్ట్ర ఆఫ్ రోడ్ పార్కుల్లోకి వేసవి, చలికాలం అన్న తేడా లేకుండా రానిచ్చేవారు. ఉద్గారాల ప్రమాణాలు అందుకోనందుకు కొన్ని నెలలే నడపనిచ్చే రెడ్ స్టిక్కర్ రేసు బండి ఉన్న మా మిత్రుడు మాత్రం వేసవి నెలల్లో దాన్ని గ్యారేజీలోనే ఉంచేవాడు. అయితే 2022 మోడల్ నుంచి రెడ్ స్టిక్కర్లు ఇవ్వడమే మానేశారు కాబట్టి, అప్పట్లో నేను గొప్పగా చెప్పిన ఆ పోలికకు ఇప్పుడు అంత విలువ లేదు. కంపెనీ సైలెన్సర్‌ను మార్చలేదు గనుక 96 డెసిబెల్స్ శబ్ద పరిమితి వల్ల గానీ, స్పార్క్ అరెస్టర్ (పొగగొట్టం నుంచి నిప్పురవ్వలు బయటపడకుండా ఆపే జాలి) తనిఖీ వల్ల గానీ నాకు ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. ఈ మాటను ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

మూడో ఏడాది జూన్‌లో నేనూ మా బావమరిదీ ఉత్తర కాలిఫోర్నియాలోని ఒక జాతీయ అటవీ ప్రాంతానికి వెళ్లాం. క్యాంపు నుంచి పదకొండు మైళ్లు వెళ్లాక ఒక వాగు దాటుతుండగా ముందు చక్రం రాయి మీద జారి పడ్డాను. లేచి చూసుకుంటే క్లచ్ లీవర్ మొదలంటా విరిగిపోయి ఉంది, ఎడమ మణికట్టు వాచిపోతోంది. వచ్చిన దారిలో క్లచ్ లేకుండా ఆ నిట్టనిలువు మలుపులు ఎక్కడం నా వల్ల కాదు. అక్కడికి కొద్ది దూరంలోనే ట్రెయిల్‌ను (మేం వచ్చిన మట్టి బాటను) అడ్డంగా కోస్తూ కౌంటీ తారురోడ్డు వెళ్తుంది, ఆ రోడ్డు మీద క్యాంపు రెండు మైళ్లే. బండిని తోసి రెండో గేరులో అందుకుంటే పది నిమిషాల పని. కానీ నా బండి ఆ రోడ్డును దాటవచ్చు గానీ, దాని వెంట నడవకూడదు.

"బావా, నువ్వు ఇక్కడే ఉండు, నేను ట్రెయిల్ మీదుగా వెళ్లి ట్రక్కు తెస్తాను" అని మా బావమరిది వెళ్లాడు. నీడ లేని ఆ మలుపులో నిలబడలేక, ఇంజన్ ఆపేసి ఒంటిచేత్తో బండిని రోడ్డు పక్కనే తోసుకుంటూ బయలుదేరాను. అరమైలు కూడా వెళ్లకముందే ఒక అధికారి జీపు ఆపి దిగాడు. ఫోర్కు మీద ఎండిన బురదను బొటనవేలితో గీకి స్టిక్కర్ మీది గడువు తేదీ చూశాడు. ఇంజన్ వేడిగా ఉందేమోనని చెయ్యి పెట్టి చూసి, తోసుకెళ్తే అభ్యంతరం లేదని, స్టార్ట్ చేస్తే మాత్రం టికెట్ రాయక తప్పదని చెప్పి, ఒక నీళ్ల సీసా ఇచ్చి వెళ్లాడు. ఆయన తప్పేమీ లేదు. గ్రీన్ స్టిక్కర్ బండి రెండు వరుసల రోడ్డును పూర్తిగా ఆగి, దాదాపు లంబకోణంలో దాటవచ్చని చట్టం చెబుతుంది. రెండు ట్రెయిళ్లను కలిపే రోడ్డులో మూడు మైళ్లకు మించని భాగాన్ని ప్లేటున్న బండ్లూ లేని బండ్లూ కలిసి నడిచే ఉమ్మడి వాడకానికి కేటాయించే వీలు కూడా అదే చట్టంలో ఉంది. నేను నిలబడిన రోడ్డుకు అటువంటి బోర్డు లేదు, అంతే. ట్రక్కు వచ్చేసరికి రెండు గంటలు పట్టింది.

తెనాలి దగ్గర మా ఊళ్లో పొలం గట్టు మీద తిరిగిన బండే అదే ప్లేటుతో బజారుకూ వెళ్లేది. ఆ అలవాటుతోనే కాబోలు, ఇంటికి రాగానే అద్దాలు, హారన్, ఇండికేటర్లు, బ్రేకు లైటు ఉన్న కిట్టు తెప్పించాను. బిగించకముందే తెలిసిందేమిటంటే, లైట్లు ఎన్ని పెట్టినా లాభం లేదు. బండి మీది ఉద్గారాల లేబుల్ ఆఫ్ రోడ్ వాడకానికేనని చెబుతున్నప్పుడు కాలిఫోర్నియాలో దాన్ని రోడ్డు బండిగా మార్చి రిజిస్టర్ చేయరు. ఆ కిట్టు ఇంకా డబ్బాలోనే ఉంది. పక్కనున్న అరిజోనాలో అవే సామాన్లు బిగించి ప్లేటు తీసుకునే దారి ఉంది. ఫీనిక్స్ దగ్గర ఉండే మా మిత్రుడు తన డర్ట్ బైక్‌కు ప్లేటు వేయించి, ఇంటి నుంచి నేరుగా ఎడారి బాటకు వెళ్తున్నాడు. ఒకే రకం బండికి రాష్ట్రం సరిహద్దు దాటగానే ఇంత తేడా ఉండటం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

నా దగ్గర ట్రక్కు ఉంది, కార్నెగీ మా ఇంటికి గంటలోపు దూరం, ఏడాదిలో ఎక్కువ వారాంతాలు అక్కడే గడుస్తాయి కాబట్టి ఈ బండిని అమ్మను. అటువంటి పార్కుల్లోనే నడిపేవారికి ఇది మంచి బండే. జాతీయ అడవుల్లో తిరగాలనుకునేవారు మాత్రం ముందుగా అటవీశాఖ వాహన పటం తెరిచి, తాము వెళ్లదలచిన ట్రెయిళ్ల మధ్య ప్లేటున్న బండ్లకే అనుమతి ఉన్న రోడ్లు ఎన్ని ఉన్నాయో చూసుకోవాలి. అవి రెండు మూడు తగిలినా, కాస్త బరువెక్కువైనా సరే, కంపెనీ నుంచే ప్లేటుకు అర్హతతో వచ్చే సీఆర్ఎఫ్300ఎల్ వంటి బండి చూడమంటాను. అటువంటి బండికి ట్రెయిల్ మీద గ్రీన్ స్టిక్కర్ కూడా అక్కరలేదు. మా అబ్బాయికి పదహారు నిండి, శిక్షణ పూర్తయి, లైసెన్సు వచ్చాక కొనే బండి అదే. అప్పటిదాకా ఇద్దరమూ దీని మీదే వంతులు వేసుకుంటాం.